రాజావారు బడికి వచ్చిన రోజు: ఆ జ్ఞాపకాన్ని గ్రంథస్థం చేసే విధానం

తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, పుంగనూరు ప్రాంతాలలోని పాత ఉన్నత పాఠశాలల పూర్వ విద్యార్థులు ఒకచోట చేరినప్పుడు, ఎవరో ఒక పెద్దవారు "మేము చదువుకునేటప్పుడు మా బడికి రాజావారు వచ్చినారు" అని మొదలుపెట్టడం, చుట్టూ ఉన్నవారు ఆసక్తిగా వినడం, భోజనాల పిలుపు రాగానే ఆ మాట అక్కడే ఆగిపోవడం మనకు అలవాటైన దృశ్యమే. ఆనాడు వరుసలో నిలబడిన పిల్లలకు ఇప్పుడు డెబ్బై ఐదేళ్లో, ఎనభై ఏళ్లో, అంతకు మించో ఉంటాయి. వారు చెప్పగలిగినంతకాలమే ఆ రోజు గురించి మనం ప్రశ్నలు అడగగలుగుతాము. అందువలన వార్షికోత్సవ సంచిక కోసమో, శతజయంతి కోసమో ఎదురుచూడకుండా ఈ పనిని వెంటనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. పూర్వ విద్యార్థుల సంఘం వారు గాని, అదే బడిలో పనిచేస్తున్న ఉపాధ్యాయులు గాని, తాతగారి మాటలు వింటూ పెరిగిన మనుమరాలు గాని దీనిని చేపట్టవచ్చు. ప్రత్యేకమైన చదువు అవసరం లేదు, ఓపిక మాత్రం చాలా అవసరం.

అతిథి గొప్పతనాన్ని వర్ణించడానికి వేరే పుస్తకాలు ఉంటాయి. ఆ రోజు బడి ఎలా ఉంది, పిల్లలు ఏమి చేశారు, అయివార్లు ఏమి చెప్పారు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అన్న సంగతులను రాసేవారు మాత్రం మనమే తప్ప మరొకరు లేరు. పని మొదలుపెట్టే ముందు ఈ సంగతి మనసులో స్పష్టంగా ఉంటే, తరువాత ఎవరిని ఏమి అడగాలో దానంతట అదే తెలుస్తుంది.

వచ్చినది ఏ రాజావారు?

మొట్టమొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే. మన ప్రాంతంలో "రాజావారు" అన్న పిలుపు అనేకులకు చెల్లింది. కార్వేటినగరం, వెంకటగిరి, శ్రీకాళహస్తి, పుంగనూరు జమీందారులను ప్రజలు రాజులుగానే భావించారు, అలాగే పిలిచారు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయినా ఆ పిలుపు మాత్రం పోలేదు కనుక, 1955లో బహుమతులు పంచడానికి వచ్చిన జమీందారీ వంశీయుని కూడా ఆనాటి పిల్లలు రాజావారనే గుర్తుపెట్టుకున్నారు. జ్ఞాపకాన్ని రాసేటప్పుడు ఆ పిలుపును అలాగే ఉంచి, పక్కనే ఆ అతిథి అప్పటికి ఏ హోదాలో ఉన్నారో చెప్పడం సరైన పద్ధతి.

మైసూరు సంగతి వేరు. అది జమీందారీ కాదు, సొంత పాలన గల సంస్థానం. పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు పెద్దలు "మైసూరు మహారాజు వచ్చినారు" అంటే దానిలో కాలనిర్ణయానికి పనికివచ్చే సూచన దాగి ఉంటుంది. జయచామరాజేంద్ర ఒడయరు 1940లో మహారాజు అయ్యారు, 1950 నుంచి 1956 వరకు మైసూరు రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా (అంటే గవర్నరు వంటి రాష్ట్రాధిపతిగా), 1956 నుంచి 1964 వరకు అదే రాష్ట్రానికి గవర్నరుగా, ఆ తరువాత 1966 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్నారు. స్వాగత పత్రంలో గాని, శిలాఫలకం మీద గాని ఆయన పేరుకు ముందు ఏ హోదా రాశారో చూస్తే, ఇతర ఆధారాలు లేకపోయినా ఏ దశకంలో వెతకాలో తెలుస్తుంది.

బడి పాత లాగ్ పుస్తకాలలో (బడి విశేషాలను నమోదు చేసే పుస్తకాలలో) "రాజా" అన్న మాట కనబడినప్పుడు ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. మద్రాసు ప్రెసిడెన్సీలో 1921 నుంచి 1926 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న పానగల్లు రాజా రామరాయణింగారు శ్రీకాళహస్తిలోనే జన్మించారు. 1932లో ఆ పదవిలోకి వచ్చిన బొబ్బిలి రాజా కూడా అలాగే బిరుదుతోనే ప్రసిద్ధులు. కాబట్టి 1920లు, 1930ల నాటి నమోదులో రాజాగారు బడిని తనిఖీ చేశారని ఉంటే, అది సంస్థానాధీశుని రాక కాకుండా ప్రభుత్వ పెద్ద రాక అయివుండవచ్చు. రెండింటికీ ఏర్పాట్లు, మర్యాదలు, పిల్లలకు చెప్పిన మాటలు వేరు వేరుగా ఉంటాయి.

ఇక బ్రిటిష్ రాజకుటుంబం. "మేము చిన్నప్పుడు రాణిని చూసినాము" అని చెప్పే పెద్దలు మన వైపు కూడా ఉన్నారు. ఎలిజబెత్ రాణి 1961 ఫిబ్రవరిలో మద్రాసు, బెంగుళూరు నగరాలను సందర్శించారు, 1983 నవంబరులో హైదరాబాదులో బస చేశారు, 1997 అక్టోబరులో మళ్లీ మద్రాసు వచ్చారు. అంతకు ముందు 1922 జనవరిలో అప్పటి వేల్స్ యువరాజు మద్రాసు వచ్చారు. చిత్తూరు నుంచి మద్రాసు గాని, బెంగుళూరు గాని పిల్లలను తీసుకువెళ్లలేనంత దూరం కాదు. అందువలన "రాణి మా బడికి వచ్చింది" అన్న మాట వినబడినప్పుడు ఆ పెద్దవారిని తొందరపడి తప్పుపట్టకుండా, మీరు నిలబడిన చోటు మీ బడి ఆవరణయా, నగరంలోని రోడ్డు పక్కనా, మిమ్మల్ని బస్సులో తీసుకువెళ్లారా, రాత్రి ఎక్కడ పడుకున్నారు అని మెల్లగా అడగాలి. ఆ రోజులలో సినిమాకు ముందు తప్పనిసరిగా వేసే ఫిల్మ్స్ డివిజన్ న్యూస్ రీలులో చూసిన దృశ్యం, చాలా ఏళ్ల తరువాత కళ్లారా చూసిన దృశ్యంగా మనసులో స్థిరపడిపోవడం కూడా జరుగుతుంది. దానిని అబద్ధంగా భావించకూడదు. టూరింగ్ టాకీసులో రాణిని చూసిన పిల్లవాని ఆశ్చర్యం కూడా రాయదగిన విషయమే, అయితే అది ఎక్కడ చూసినదో స్పష్టంగా చెప్పి రాయాలి.

తేదీని పట్టుకునే దారులు

పెద్దవారిని నేరుగా "ఏ సంవత్సరం?" అని అడిగితే ఒక సంఖ్య చెబుతారు, కాని దాని మీద పూర్తిగా ఆధారపడలేము. వారి జీవితంలోని ఇతర సంగతులతో ముడిపెట్టి అడిగితే సమాధానం గట్టిగా వస్తుంది. అప్పుడు మీరు ఏ ఫారంలో ఉన్నారు అని అడగండి. పాత మద్రాసు పద్ధతిలో ఫస్ట్ ఫారం అంటే ఆరవ తరగతి, సిక్స్త్ ఫారం అంటే పదకొండవ తరగతి. వారు ఆ బడిలో చేరిన సంవత్సరం అడ్మిషన్ రిజిస్టరులో గాని, వారి దగ్గర భద్రంగా ఉన్న ఎస్.ఎస్.ఎల్.సి. (ఉన్నత పాఠశాల చివరి పరీక్ష) పుస్తకంలో గాని ఉంటుంది కనుక, ఫారం తెలిస్తే విద్యాసంవత్సరం లెక్కకు వస్తుంది.

కొందరు అవ్వలు, తాతలు తెలుగు సంవత్సరాన్నే చెబుతారు. "జయ నామ సంవత్సరంలో" అంటే 1954-55, "శార్వరి" అంటే 1960-61, "ప్లవ" అంటే 1961-62. అరవై ఏళ్ల చక్రం కనుక, ఇటీవల అదే పేరు వచ్చిన సంవత్సరం నుంచి అరవై తీసివేస్తే చాలు. ఒకటే మెలకువ ఏమిటంటే, ఉగాది మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది కనుక జనవరి, ఫిబ్రవరిలలో జరిగిన సంఘటన ముందటి ఉగాదితో మొదలైన సంవత్సరం కిందికే వస్తుంది. ఉదాహరణకు 1961 ఫిబ్రవరి శార్వరిలోనిదే. చిత్తూరు, నగరి, పుత్తూరు వైపు తమిళం మాట్లాడే కుటుంబాలలో సంవత్సరం పేర్లు ఇవే అయినా, వారి సంవత్సరాది ఏప్రిల్ నెల మధ్యలో వస్తుంది. మార్చి చివర, ఏప్రిల్ మొదట జరిగిన విషయాల్లో ఈ తేడాను గమనించాలి.

పండుగలు కూడా మంచి గుర్తులు. రాజకుటుంబాల వారు మన వైపు రావడానికి తిరుమల దర్శనం సహజమైన కారణం కనుక, "బ్రహ్మోత్సవాలకు వచ్చి, దిగి వస్తూ మా బడికి వచ్చినారు" అన్న మాట వినిపిస్తే సెప్టెంబరు, అక్టోబరు నెలల వైపు చూడాలి. శ్రీకాళహస్తిలో శివరాత్రి, కాణిపాకంలో వినాయక చవితి ఇలాగే ఉపయోగపడతాయి. గంగ జాతర మాత్రం మే నెలలో, బడులకు సెలవులు ఉన్న రోజుల్లో వస్తుంది కాబట్టి, జాతరకూ బడి సందర్శనకూ ముడిపెట్టి చెప్పిన జ్ఞాపకాన్ని మరొకసారి విచారించాలి. రాజావారి కారు కొండ మీదికి వెళ్లి వచ్చిందని ఎవరైనా చెబితే, అది 1944లో మొదటి ఘాట్ రోడ్డు ఏర్పడిన తరువాతి మాట అవుతుంది.

చేతిలో పెట్టిన నాణెం కూడా కాలం చెబుతుంది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి, 1964 వరకు వాటిని నయా పైసలు అన్నారు. పిల్లలకు తలా ఒక అణా పంచారని ఒకరు, నయా పైసలు ఇచ్చారని ఒకరు చెబితే అది కొత్త నాణేలు వచ్చిన తొలి సంవత్సరాల ముచ్చట అయివుండే అవకాశం ఉంది, ఎందుకంటే అప్పుడు రెండు రకాలూ చేతులు మారుతూ ఉండేవి.

పాట సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. సభ ముగింపులో ఏ పాట పాడారు అన్న ప్రశ్నకు పెద్దలు దాదాపు ఎప్పుడూ ఉత్సాహంగా సమాధానం చెబుతారు. ఆంగ్ల ప్రభుత్వ కాలంలో రాజుకు మంగళం పాడే ఇంగ్లీషు గీతం పాడించేవారు, కాబట్టి ఆ గీతం గుర్తున్నవారి జ్ఞాపకం 1947కు ముందుది. "జన గణ మన" 1950 జనవరిలో జాతీయ గీతమైంది. అయితే మదనపల్లె విషయంలో దీనిని సూత్రంగా వాడకూడదు. 1919లో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కళాశాలలో బస చేసి, ఆ గీతాన్ని అక్కడే ఇంగ్లీషులోకి అనువదించారు. మార్గరెట్ కజిన్స్ దాని స్వరాలను కూర్చి రాశారు, ఆ కళాశాలలో అది ప్రార్థన గీతమైంది. కనుక ఆ ప్రాంతపు బడిలో 1940లలోనే పిల్లలు "జన గణ మన" పాడారని ఎవరైనా చెబితే, అది పొరపాటని కొట్టివేయడం మన జిల్లా చరిత్రకు అన్యాయం చేయడమే అవుతుంది.

బడి పేరు ఎలా ఉందో కూడా అడగండి. పూర్వం జిల్లా బోర్డు ఉన్నత పాఠశాలలుగా ఉన్నవి, 1959లో పంచాయతీ రాజ్ వ్యవస్థ వచ్చిన తరువాత జిల్లా పరిషత్తు పాఠశాలలు అయ్యాయి. వెనుక ఉన్న బోర్డు మీద ఏ పేరు ఉందో ఫోటోలో కనబడితే, అది మనుషుల జ్ఞాపకం కంటే నమ్మదగిన సాక్ష్యం.

బడి బీరువాలో వెతకవలసినవి

ప్రధానోపాధ్యాయుల అనుమతిని రాతపూర్వకంగా తీసుకుని, ఆఫీసు పని లేని పూట వెళ్లండి. అడ్మిషన్ రిజిస్టరు, లాగ్ పుస్తకం, సందర్శకుల పుస్తకం, హాజరు పట్టీలు, నగదు పుస్తకం అని అడగండి. సందర్శకుల పుస్తకంలో అతిథి సంతకం దొరికితే అదృష్టమే, కాని అది దొరకలేదని నిరుత్సాహపడవలసిన పని లేదు. నా దృష్టిలో ఈ వెతుకులాటలో అన్నింటికంటే విలువైనది నగదు పుస్తకం. పందిరి కూలి, మామిడాకుల తోరణాలు, పూలదండలు, పన్నీరు, చందనం, అద్దెకు తెచ్చిన కుర్చీలు, స్వాగత పత్రం అచ్చు ఖర్చు, మిఠాయి, బ్యాండు మేళానికి ఇచ్చిన సొమ్ము అన్నీ తేదీలతో అక్కడ ఉంటాయి. ఉపన్యాసాలు ఎవరికీ గుర్తుండవు, కాని "ఫలానా తేదీన పందిరి గుంజలు పాతినందుకు" అన్న ఒక్క పద్దు ఆ వారమంతా బడి ఎలా ఉండేదో కళ్లకు కట్టిస్తుంది.

హాజరు పట్టీని కూడా జాగ్రత్తగా చూడండి. పెద్ద అతిథి వచ్చినప్పుడు, పిల్లల తరఫున మరునాడు సెలవు ప్రకటించమని ప్రధానోపాధ్యాయులు వేదిక మీదే కోరడం, వారు చిరునవ్వుతో ఒప్పుకోవడం ఒక ఆనవాయితీగా ఉండేది. "రాజావారు సెలవు ఇచ్చి పోయినారు" అన్న మాటను పది మంది చెబితే, హాజరు పట్టీలో కారణం రాయని సెలవు ఎక్కడ ఉందో చూడాలి. దానికి ముందు పనిదినమే మనం వెతుకుతున్న రోజు కావచ్చు. ఈ రెండు ఆధారాలు ఒకదానికొకటి సరిపోయినప్పుడు కలిగే ఆనందం మాటలలో చెప్పలేనిది.

పాత పుస్తకాలను ఇంటికి తీసుకుపోకూడదు. అక్కడే కిటికీ వెలుతురులో, ఫ్లాష్ వేయకుండా, ప్రతి పుటనూ ఫోనుతో పూర్తిగా వచ్చేటట్లు ఫోటో తీసి, ముందుగా పుస్తకం అట్టను, తరువాత పుట సంఖ్యను కూడా తీసుకోండి. చెదలు తిన్న కాగితాలను విడదీయడానికి ప్రయత్నించకండి. అడ్మిషన్ రిజిస్టరులో కులం, పుట్టిన తేదీ, తండ్రి వృత్తి వంటి వివరాలు ఉంటాయి. వాటిని సంచికలో అచ్చు వేయడం ఎవరికీ మంచిది కాదు, మనకు కావలసింది సంవత్సరం మాత్రమే.

పెద్దలతో మాట్లాడడం

ఒక్కొక్కరినీ విడిగా కలవాలి. నలుగురిని ఒకచోట కూర్చోబెట్టి అడిగితే, గట్టిగా మాట్లాడేవారి జ్ఞాపకమే మిగిలినవారి జ్ఞాపకం అయిపోతుంది, మౌనంగా ఉన్నవారి దగ్గర ఉన్న చిన్న చిన్న వివరాలు మనకు దక్కకుండా పోతాయి. తరువాత అందరినీ కలపవచ్చు, కాని మొదటి మాట ఒంటరిగా చెప్పినదే కావాలి. ఉదయం కాఫీ తాగి తేరుకున్న వేళ మంచిది. భోజనం అయిన తరువాత అలసట వస్తుంది. రికార్డు చేస్తున్నామని ముందే చెప్పి, వారి సమ్మతిని కూడా అదే రికార్డులో వినిపించేటట్లు అడగండి. పేరు, బడిలో చదివిన సంవత్సరాలు, ఆ రోజు ఏ ఫారం అన్నవి మొదట చెప్పించండి.

"రాజావారు ఎలా ఉన్నారు? చాలా హుందాగా ఉన్నారా?" అని అడగకండి. ఆ ప్రశ్నలోనే సమాధానం ఉంది, పెద్దలు మర్యాదకు ఔనంటారు. దానికి బదులు మీరు ఎక్కడ నిలబడ్డారు, మీ పక్కన ఎవరు, కాళ్లకు చెప్పులు ఉన్నాయా, ఆ పూట ఏమి తిని వచ్చారు, చొక్కా ఎవరిది అని అడగండి. శరీరానికి తెలిసిన సంగతులు ఎక్కువ కాలం నిలుస్తాయి. ఎండ, దాహం, గంజి పెట్టిన నిక్కరు, డ్రిల్ అయివారి ఈల, ఎంత సేపు నిలబెట్టారన్న విసుగు, ఒక్కసారిగా దుమ్ము లేపుకుంటూ వచ్చిన కారు, ఇవన్నీ బయటికి వచ్చిన తరువాతే అతిథి ముఖం గురించి అడగాలి. చాలామందికి ముఖం గుర్తుండదు, తలపాగా గుర్తుంటుంది, లేదా తలపాగా లేకపోవడం గుర్తుంటుంది. కిరీటం పెట్టుకుని వస్తారని ఎదురుచూసిన పిల్లవానికి, మామూలు కోటులో దిగిన మనిషిని చూసి కలిగిన నిరాశ నిజమైన చరిత్ర, దానిని దాచకుండా రాయాలి.

చెప్పినదానిలో మూడు రకాలు ఉంటాయి: తాను చూసినది, అప్పుడే ఇతరులు చెప్పగా విన్నది, ఆ తరువాత ఏళ్ల తరబడి చెప్పుకోగా కథగా మారినది. "అది మీరు చూసినారా, ఎవరైనా చెప్పినారా అవ్వా?" అని ఆదరంగా అడిగితే ఎవరూ నొచ్చుకోరు. రాజావారు ప్రధానోపాధ్యాయునికి చేతి గడియారం తీసి ఇచ్చారని, బడికి ఎకరాల భూమి ప్రకటించారని వచ్చే మాటలు తరచుగా మూడవ రకంలోనివే. భూమి మాట వస్తే రెవెన్యూ రికార్డులో చూసి నిర్ధారించుకోవాలి. నిర్ధారణ కాకపోతే "అని చెప్పుకుంటారు" అనే రాయాలి.

ఫోటోలలో ముందు వరుసలో కనిపించేవారినే వెతికి మాట్లాడడం మనకు తెలియకుండానే చేసే పక్షపాతం. స్వాగత గీతం పాడిన అమ్మాయిలు పెళ్లి అయి ఇంటిపేరు మారి వేరే ఊళ్లలో ఉంటారు, వారి ఆచూకీ కోసం తోబుట్టువుల ద్వారా ప్రయత్నించాలి. నీళ్లు పట్టిన ఆయా, పందిరి వేసినవారి పిల్లలు, సంక్షేమ వసతిగృహంలో ఉండి చదువుకున్నవారు, వీరందరినీ తప్పకుండా కలవాలి. ఆ రోజు ఎవరిని ముందు నిలబెట్టారు, ఎవరిని వెనక్కి పంపారు, ఎవరికి అసలు ఆ పూట రావద్దని చెప్పారు అన్నది అడగడానికి సంకోచంగా ఉంటుంది, అయినా అడగాలి. ఎవరైనా అటువంటి బాధను చెబితే, వారి మాటను వారి అనుమతితో, ఎవరి పేరునూ నిందించకుండా, కాని మెత్తబరచకుండా రాయడం మన బాధ్యత.

రికార్డును కాగితం మీదికి తెచ్చేటప్పుడు వారి పలుకును గ్రాంథికంగా మార్చవద్దు. "ఎండలో నిలబడుకోని ఉంటిమి, కాలు సుర్రుమంటా ఉన్న్యాది" అని ఒకరు చెబితే, దానిని "మేము ఎండలో నిలబడి ఉన్నాము" అని దిద్దడం వలన మన సీమ మాటలోని ప్రాణం పోతుంది. వివరణ మన భాషలో, వారి మాట వారి భాషలో ఉండడమే న్యాయం.

ఫోటోలు

గుంపు ఫోటో దొరికితే ముందుగా వెనుకవైపు చూడండి. స్టూడియో ముద్ర, ఊరు, కొన్నిసార్లు తేదీ ఉంటాయి. చట్రం నుంచి తీయడం కష్టమైతే అద్దం మీద వెలుగు పడకుండా కొంచెం ఏటవాలుగా పెట్టి ఫోటో తీయండి, వీలైతే 600 డీపీఐలో స్కాన్ చేయించండి. పాత ఫోటోను లామినేషన్ చేయించవద్దు, వెనుక బాల్ పెన్నుతో రాయవద్దు. పెద్దలను గుర్తుపట్టమని అడిగేటప్పుడు పెద్దదిగా ప్రింటు తీయించి, దాని మీద పలుచని కాగితం పరిచి ముఖాల చుట్టూ గీతలు గీసి అంకెలు వేయండి. ఆ అంకెల పక్కన వేరే కాగితంలో పేర్లు, ఎవరు గుర్తుపట్టారో వారి పేరు కూడా రాసుకోండి. ఇద్దరు వేరు వేరు పేర్లు చెబితే రెండూ ఉంచండి.

బయటి ఆధారాలు

చిత్తూరు జిల్లా 1953 సెప్టెంబరు చివరి వరకు మద్రాసు రాష్ట్రంలో ఉండేది కనుక, అంతకు ముందటి ప్రభుత్వ కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. ఆంధ్ర పత్రిక, ఆంధ్ర ప్రభ ఆ రోజుల్లో మద్రాసు నుంచే వెలువడేవి, ఇంగ్లీషులో ది హిందూ కూడా అక్కడిదే. కనుక తేదీ దాదాపుగా తెలిసిన తరువాత అదే నగరంలోని కన్నెమరా గ్రంథాలయంలో పాత పత్రికలను అడగడం మంచిది. తేదీ తెలియకుండా వెళితే కొన్ని నెలల పత్రికలు తిరగవేయవలసి వస్తుంది. పర్యటన వార్త సాధారణంగా రెండు మూడు రోజులు ఆలస్యంగా, జిల్లా వార్తలలో నాలుగు పంక్తులుగా ఉంటుందని గుర్తుంచుకుని వెతకాలి.

ఇక్కడ సరిహద్దుల సంగతి ఒకటి ఉంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మన జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, అదే ఏర్పాటులో సత్యవేడు ప్రాంతం చెంగల్పట్టు జిల్లా నుంచి మనకు వచ్చింది. కాబట్టి సత్యవేడు వైపు బడికి 1950లలో అతిథి వస్తే ఆ కాగితం చిత్తూరులో కాకుండా చెంగల్పట్టు జిల్లా పాత దస్త్రాలలో ఉంటుంది. అలాగే వెంకటగిరి, గూడూరు వైపు బడులు 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి వచ్చినా, వాటి పాత కాగితాలను నెల్లూరు జిల్లా పేరుతోనే అడగాలి. మదనపల్లె, చిత్తూరు, పలమనేరు ప్రాంతాలలో ఆర్కాట్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ నడిపిన బడులకు మిషన్ వారి అచ్చు నివేదికలు కూడా ఆధారమవుతాయి. 1961 నాటి రాణి పర్యటన విషయమైతే న్యూస్ రీలు చిత్రాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వాటిని పెద్దలకు చూపించాలనిపిస్తే, వారి మాట పూర్తిగా రికార్డు చేసుకున్న తరువాతే చూపించండి. ముందే చూపిస్తే చూసిన చిత్రమే జ్ఞాపకంగా తిరిగి వస్తుంది.

రాయడం

మొదటి పేరాలోనే తేదీ, బడి పేరు అప్పటి రూపంలో, అతిథి పేరు, అప్పటి హోదా, వచ్చిన సందర్భం చెప్పండి. తేదీ నిర్ధారణ కాకపోతే ఏ ఆధారంతో ఏ సంవత్సరమని భావిస్తున్నారో ఒక వాక్యంలో చెప్పండి. తరువాత ఆ రోజును ఉదయం నుంచి సాయంత్రం వరకు వరుసగా నడిపించండి. రాత ఆధారం ఉన్న విషయానికి "నగదు పుస్తకం ప్రకారం" అని, జ్ఞాపకానికి "అప్పుడు థర్డ్ ఫారం చదువుతున్న ఒకరు చెప్పిన ప్రకారం" అని వాక్యంలోనే చెబితే చదివేవారికి ఏది ఎంత గట్టిదో తెలుస్తుంది. రెండు జ్ఞాపకాలు విరుద్ధంగా ఉంటే ఒకదానిని ఎంచుకుని రెండవదానిని చెరిపివేయడం తగదు. ఏనుగు మీద వచ్చారని ఒకరు, కారులో వచ్చారని ఒకరు అంటే, రెండూ రాసి, నగదు పుస్తకంలో మావటికి ఇచ్చిన పద్దు ఉందో లేదో చెప్పండి.

బిరుదులను ఒకసారి పూర్తిగా రాసి, తరువాత మామూలుగా "రాజావారు" అంటే చాలు. విశేషణాలు కుప్పపోసిన వాక్యాలు ఆనాటి స్వాగత పత్రంలో ఉంటాయి. అది దొరికితే యథాతథంగా అచ్చు వేయండి, మన వాక్యాలలోకి ఆ ధోరణిని రానీయకండి. వంశీయులు ఇప్పుడు ఉంటే వారిని కలిసి, మన దగ్గర ఉన్న వివరాలు చూపించడం మర్యాద. వారి ఇంట్లో ఆ ప్రయాణపు ఫోటోలు ఉండవచ్చు. అయితే బడి గురించిన మాటలలో దేనిని ఉంచాలో, దేనిని తీయాలో నిర్ణయించవలసినది బడివారే.

చిత్తుప్రతి తయారైన తరువాత, మాట్లాడిన పెద్దలందరినీ బడికే పిలిచి, చెట్టు నీడలో కూర్చోబెట్టి, పెద్దగా చదివి వినిపించండి. శాలువాలు కప్పడం చివరి పది నిమిషాలకు పరిమితం చేసి, మిగిలిన సమయమంతా వారిని మాట్లాడనివ్వండి. "కాదయ్యా, బ్యాండు ఆ పక్క నుంచి వచ్చింది" అని ఒకరు లేస్తారు, ఇంకొకరు మరచిపోయిన పేరు చెబుతారు. ఆ దిద్దుబాట్లన్నింటినీ ఒకరు కూర్చుని రాసుకోవాలి. ప్రస్తుతం చదువుకుంటున్న పిల్లలు కొందరిని అక్కడ కూర్చోబెట్టి, ప్రశ్నలు అడగమనండి. వారు అడిగినవి మనకు తట్టనివి అయి ఉంటాయి.

సవరించిన ప్రతిని అచ్చు వేయించి ఒకటి బడి గ్రంథాలయంలో, ఒకటి జిల్లా గ్రంథాలయ సంస్థలో, ఒకటి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. మాట్లాడిన ప్రతి పెద్దవారి ఇంటికీ ఒక ప్రతి స్వయంగా తీసుకువెళ్లి ఇవ్వండి. రికార్డు చేసిన ధ్వనిని, ఫోటోలను రెండు వేరు వేరు హార్డ్ డిస్కులలో భద్రపరచి, ఫైలు పేరులో తేదీ, మాట్లాడినవారి పేరు, ఫారం తెలుగులోనే పెట్టండి. బైండింగు చేయించేటప్పుడు చివర పది పన్నెండు తెల్ల పుటలు వదిలిపెట్టమని చెప్పండి. ఎవరి పెట్టెలోనో మరొక ఫోటో గాని, చిరునామా తెలియక కలవలేకపోయిన మరొక సహాధ్యాయి గాని దొరికితే, ఆ వివరాలు తేదీ వేసి, చేతితో అక్కడ రాయవచ్చు.